"రీకంపైల్ చేస్తే చాలు" అనే పచ్చి అబద్ధం

మన ఇండస్ట్రీలో చెల్లుబాటయ్యే అబద్ధాలు చాలానే ఉన్నాయి. "చిన్న మార్పే, గంటలో అయిపోద్ది" అనేది ఒకటి. "డాక్యుమెంటేషన్ తర్వాత రాద్దాం" అనేది ఇంకోటి. ఇవి విని విని మనకి అలవాటైపోయాయి. ఎవడూ నమ్మడు కాబట్టి పెద్ద ప్రమాదం కూడా లేదు. ఈ మధ్య వీటికి కొత్తగా ఒకటి తోడైంది. దీన్ని మాత్రం మేనేజర్ల దగ్గర్నుంచి పాతికేళ్ళ అనుభవం ఉన్న ఆర్కిటెక్టుల దాకా అందరూ మొహమాటం లేకుండా చెప్పేస్తున్నారు. మనం కూడా బుద్ధిగా తలూపేస్తున్నాం. అదేంటంటే, "ఆర్మ్ సర్వర్లకి మారిపోదాం, క్లౌడ్ బిల్లు తగ్గుద్ది. కోడేమీ మార్చక్కర్లేదు, రీకంపైల్ చేస్తే చాలు."

ఆ మాట నమ్మి "రెండు వారాల్లో చేసేస్తాం" అని ఎస్టిమేట్ ఇచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఏం జరిగిందో కాస్త ఆగి చెప్తా. ముందు ఒక చిన్న లెక్క.

10ని సున్నాతో భాగిస్తే ఎంత?

నవ్వకండి, సీరియస్‌గానే అడుగుతున్నా. సి భాషలో నాలుగు లైన్ల ప్రోగ్రాము రాయండి. రెండు పూర్ణసంఖ్యలు యూజర్ దగ్గర తీసుకుని, మొదటిదాన్ని రెండోదానితో భాగించి, వచ్చింది ప్రింట్ చెయ్యాలి, అంతే. 10, 0 ఇవ్వండి. మీ ఇంటెల్ లేదా ఏఎండీ లాప్‌టాప్ మీద ప్రోగ్రాము అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఎందుకంటే ఎక్స్86 ప్రాసెసర్ సున్నాతో భాగహారాన్ని ఒప్పుకోదు, ఎక్సెప్షన్ లేపుతుంది. అదే ప్రోగ్రాముని 64-బిట్ ఆర్మ్ మీద రీకంపైల్ చెయ్యండి. ఏ గొడవా లేకుండా 0 అని ప్రింట్ చేసి ఊరుకుంటుంది. రిస్క్-ఫైవ్ మీద అయితే -1 వస్తుంది. ఈ రెండు ఆర్కిటెక్చర్లలోనూ భాగహారం ఇన్‌స్ట్రక్షన్ ఎక్సెప్షన్ లేపదు, సున్నాతో భాగిస్తే ఏ విలువ ఇవ్వాలో వాటి మాన్యువల్‌లోనే రాసిపెట్టుకున్నాయి.

మూడు చోట్లా కోడ్ ఒక్కటే. మూడు చోట్లా కంపైలర్ ఎర్రర్ రాలేదు. జవాబులు మాత్రం మూడు రకాలు.

ఇందులో ప్రాసెసర్ల తప్పేం లేదు. ఈ లెక్క దగ్గర మన పెద్దలు కూడా ఒక్క మాట మీద లేరు. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాని సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు ఏ సంఖ్యని సున్నాతో భాగించినా అది మారదన్నాడు (మన పావులూరి మల్లన తెలుగు చేసింది ఈయన గణితసార సంగ్రహాన్నే). 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు దానికి ఖహరం అని పేరు పెట్టి అనంతం అన్నాడు. ఎవరి లెక్క వాళ్ళది. సి భాష అయితే ఏకంగా "అన్‌డిఫైన్డ్ బిహేవియర్" అని చేతులు దులిపేసుకుంది. చిక్కెక్కడొస్తుందంటే, ఒక పెద్దమనిషి లెక్క మీద పదేళ్ళు వ్యాపారం చేసి, ఒక శుక్రవారం రాత్రి చడీచప్పుడు లేకుండా ఇంకో పెద్దమనిషి లెక్కకి మారినప్పుడు.

రెండు ప్రాసెసర్ల మధ్య తేడా అనగానే మనకి గుర్తొచ్చేది ఇన్‌స్ట్రక్షన్ సెట్. దీని బైనరీ దానికి అర్థం కాదు, అదీ ఇదీ. నిజం చెప్పాలంటే అది చాలా సులువైన తేడా. ఎందుకంటే అది దాక్కోదు. ఎక్స్86 కోసం కట్టిన కంటెయినర్ ఇమేజ్‌ని ఆర్మ్ మెషీన్ మీద నడిపితే మొదటి సెకన్‌లోనే "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అని మొహాన కొడుతుంది. ఆర్మ్ చిప్ ఉన్న మాక్‌బుక్ మీద ఇమేజ్ కట్టి ఎక్స్86 సర్వర్‌కి పంపినవాళ్ళందరికీ ఈ అనుభవం అయ్యే ఉంటుంది. ఇలాంటి తేడాకి రీకంపైల్ నిజంగానే మందు.

అసలు తేడాలు ఆ కింద ఉంటాయి. మన కోడ్ ప్రాసెసర్‌తో, ఆపరేటింగ్ సిస్టంతో కాగితం మీద లేని ఒప్పందాలు బోలెడు చేసుకుని ఉంటుంది. రాసినవాడికే తెలీదు తను ఒప్పందం చేసుకున్నట్టు. ఉదాహరణకి సి లో చార్ అనే టైపు. ఎక్స్86 లినక్స్ మీద దానికి మైనస్ విలువలు ఉంటాయి. ఆర్మ్ లినక్స్ మీద మామూలుగా ఉండవు, 0 నుంచి 255 దాకానే. గెట్‌చార్ ఇచ్చిన విలువని చార్‌లో పెట్టుకుని, అది -1 అయిందా లేదా అని చూస్తూ ఫైలు చివరిదాకా చదివే లూప్ మీ పాత కోడ్‌లో ఎక్కడైనా ఉంటే, ఆర్మ్ లినక్స్ మీద ఆ లూప్‌కి చివర అనేదే ఉండదు. ఇంకా తమాషా ఏంటంటే యాపిల్ వాళ్ళ ఆర్మ్ మాక్‌లో చార్‌కి మైనస్ విలువలు ఉంటాయి. అంటే మీ మాక్‌బుక్‌లో టెస్టు పాసవుతుంది, ఆర్మ్ సర్వర్లో వేలాడుతుంది. రెండూ ఆర్మే!

తర్వాత మెమరీ పేజీ సైజు. ఎక్స్86 మీద 4 కేబీ అని అందరి బుర్రల్లోనూ ముద్రపడిపోయింది. యాపిల్ చిప్పుల మీద అది 16 కేబీ. ఆర్మ్ సర్వర్ లినక్స్‌లో 64 కేబీతో నడిచేవి కూడా ఉన్నాయి. 4096 అన్న అంకెని కోడ్‌లో నేరుగా రాసిపడేసిన లైబ్రరీలన్నీ అక్కడ బోర్లా పడతాయి. ఇదేదో పుస్తకాల గొడవ అనుకోకండి. ఆండ్రాయిడ్ 15తో (2024) గూగుల్ 16 కేబీ పేజీలకి సపోర్ట్ ఇచ్చింది. ఆండ్రాయిడ్ 15నీ, ఆ పైవాటినీ టార్గెట్ చేసే యాప్‌లకి 2025 నవంబర్ 1 నుంచి ఆ సపోర్ట్ తప్పనిసరి అని ప్లే స్టోర్ రూల్ పెట్టింది. ఇక్కడ ఆర్కిటెక్చర్ కూడా మారలేదు, ఆర్మ్ నుంచి ఆర్మ్‌కే. అయినా ఎప్పుడో కట్టి పడేసిన సి++ లైబ్రరీలు మోసుకుతిరిగే టీములు వాటిని వెతికి పట్టుకుని మళ్ళీ కట్టాల్సొచ్చింది.

ఇక అన్నిట్లోకీ మహమ్మారి ఇంకోటుంది. మా కొంప ముంచింది అదే.

మా సర్వీసులో ఎక్కువ భాగం జావా. మధ్యలో ఒక చిన్న సి++ లైబ్రరీ. అది రాసినాయన నేను చేరకముందే వెళ్ళిపోయాడు. ఒక థ్రెడ్ లావాదేవీ వివరాలు బఫర్‌లో రాసి, "రెడీ" అని ఒక జెండా ఎత్తుతుంది. ఇంకో థ్రెడ్ జెండా చూసి వివరాలు తీసుకుంటుంది. లాక్ లేదు, అంతటా వోలటైల్ అని తగిలించారు. ఎక్స్86 మీద ఏళ్ళ తరబడి కిక్కురుమనకుండా నడిచింది.

మన టిఫిన్ సెంటర్‌లో పార్శిల్ కౌంటర్ ఊహించుకోండి. లోపలతను దోశ కట్టి కౌంటర్ మీద పెట్టి, తర్వాత టోకెన్ నంబరు పిలుస్తాడు. మీరు నంబరు వినగానే వెళ్ళి పార్శిల్ తీసుకుంటారు. ఎక్స్86లో ఈ వరస తప్పదు. ఒక కోర్ ముందు రాసింది మిగతా కోర్లకి ముందే కనిపిస్తుంది, తర్వాత రాసింది తర్వాతే కనిపిస్తుంది. ఆర్మ్ ఈ హామీ ఇవ్వదు. స్పీడు కోసం, పవర్ ఆదా కోసం, ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకున్న రాతల్ని ఇతర కోర్లకి ఏ వరసలోనైనా చూపించే స్వేచ్ఛ తన దగ్గర పెట్టుకుంది. అంటే మీకు టోకెన్ పిలుపు ముందు వినపడొచ్చు. మీరు కౌంటర్ దగ్గరికి వెళ్ళేసరికి అక్కడున్నది మీ దోశ కాకపోవచ్చు, ఇందాకటి కస్టమర్ వదిలేసిన పార్శిల్ కావచ్చు. వరస కావాలంటే "దీని తర్వాతే అది" అని ప్రోగ్రామరే నోరు తెరిచి చెప్పాలి. చెప్తే ఆర్మ్ బుద్ధిగా వింటుంది. మా పాత లైబ్రరీ చెప్పలేదు, ఎందుకంటే ఎక్స్86 ఎప్పుడూ అడగలేదు.

మారిన కొన్నాళ్ళకి రోజువారీ లెక్కలు సరిచూసే రిపోర్టులో ఒక ఎంట్రీ తేడా వచ్చింది. ఒక్కటంటే ఒక్కటి. పాత లావాదేవీ మొత్తం కొత్త దాని పేరు మీద పడింది. "ఏదో డేటా ఇష్యూలే" అన్నారు. నాలుగు రోజులకి ఇంకోటి. లాగులు పెడితే రావడం మానేసింది (టైమింగ్ మారుతుంది కదా). మా మెషీన్ల మీద ఎంత తిప్పినా రాలేదు. డేటాబేస్ వాళ్ళ మీద అనుమానం, నెట్‌వర్క్ వాళ్ళ మీద అనుమానం, చివరికి నా మీద నాకే అనుమానం. మూడు వారాల తర్వాత, చచ్చీచెడీ, ఆ జెండా దగ్గరికి చేరాం. వోలటైల్ తీసి అటామిక్ పెట్టి, రాసేటప్పుడు రిలీజ్, చదివేటప్పుడు అక్వైర్ అని చెప్పాం. మార్చింది రెండే లైన్లు. అప్పటికి డబ్బు లెక్క తప్పిన కస్టమర్లకి క్షమాపణల మెయిళ్ళు కూడా వెళ్ళిపోయాయి.

మా టెస్టులన్నీ పాసయ్యాయి మరి! ఎలా పాసయ్యాయో తర్వాత అర్థమైంది. మా బిల్డ్ మెషీన్లు ఎక్స్86వి. వాటి మీద ఎమ్యులేటర్ పెట్టి ఆర్మ్ ఇమేజ్ కట్టి, అందులోనే టెస్టులు తిప్పాం. ఎమ్యులేటర్ ఆర్మ్ ఇన్‌స్ట్రక్షన్లని అనువాదం చేసింది నిజమే, కానీ కింద పనిచేస్తున్నది వరస తప్పని ఎక్స్86 ప్రాసెసరే కదా. ఆర్మ్ చేసే తిరకాసు అక్కడ కనపడే అవకాశమే లేదు. స్విమ్మింగ్ పూల్‌లో ఈత పరీక్ష పెట్టి గోదాట్లోకి తోసినట్టయింది.

ఇక్కడ కొందరు మహానుభావులు లేస్తారు. "ఆ కోడే తప్పు బాసూ. సి++ స్టాండర్డ్ ప్రకారం అది డేటా రేస్. తప్పు కోడ్ రాసి ప్రాసెసర్ని అంటే ఎలా?" అంటారు. ఒప్పుకుంటా. చట్టప్రకారం కోడే తప్పు. నేను ఆర్మ్‌ని తిట్టడం లేదు కూడా, దాని మాన్యువల్‌లో ఉన్నట్టే అది పనిచేసింది. నా కోపం "కోడేమీ మార్చక్కర్లేదు" అని చెప్పినవాళ్ళ మీద. ఏళ్ళ తరబడి నడిచిన ప్రతి పెద్ద కోడ్‌లోనూ ఇలాంటి తప్పులు ఉంటాయి. పాత ప్రాసెసర్ వాటిని కడుపులో పెట్టుకుని కాపాడుతూ వచ్చింది. కొత్తది కాపాడదు. ఆ తప్పుల్ని వెతకడం పని. ఆ పనికి మనుషులు కావాలి, టైము కావాలి. అవి లెక్కలో వెయ్యకుండా "చాలు" అనడమే అబద్ధం.

అసలు కంపాటిబిలిటీ అనేది చిప్పుతో పాటు డబ్బాలో వచ్చే గుణం కాదు. అది ఎవరో ఒకరు మోసే బరువు. చిప్పు చేసినవాడు మొయ్యాలి, లేదా ఆపరేటింగ్ సిస్టం చేసినవాడు మొయ్యాలి, లేదా మనం మొయ్యాలి. కంప్యూటర్ల చరిత్ర తిరగేస్తే ఎవరు నెగ్గారో, ఎవరు మునిగారో ఈ ఒక్క లెక్కతో చాలామటుకు అర్థమవుతుంది.

1964 ఏప్రిల్‌లో ఐబీఎం సిస్టం/360 ప్రకటించింది. అప్పటిదాకా దాని మెషీన్లలోనే ఒకదాని ప్రోగ్రాము ఇంకోదాని మీద నడిచేది కాదు. 360 నుంచి చిన్న మెషీన్ అయినా పెద్ద మెషీన్ అయినా ఒకే ఇన్‌స్ట్రక్షన్ సెట్ అన్నారు. అంతకు ముందు బాగా అమ్ముడైన 1401 ప్రోగ్రాముల కోసం 360లో ఎమ్యులేషన్ కూడా పెట్టారు. బరువు కస్టమర్ నెత్తిన పెట్టకుండా తామే మోశారు. అందుకే అరవై ఏళ్ళు దాటినా ఆ వంశపు మెయిన్‌ఫ్రేములు బ్యాంకుల్లో ఇంకా నడుస్తున్నాయి. హైదరాబాదులో కోబాల్, జేసీఎల్ మీద ఇల్లు కట్టుకుని, పిల్లల్ని ఇంజనీరింగ్ చదివించిన మన సీనియర్లని అడగండి, ఆ కంపాటిబిలిటీ విలువెంతో చెప్తారు.

దీనికి రెండో వైపు ఇటానియం. ఇంటెల్, హెచ్‌పీ కలిసి చేశాయి, 2001లో వచ్చింది. కాగితం మీద చాలా అందమైన డిజైన్. ఏ ఇన్‌స్ట్రక్షన్లు పక్కపక్కన నడవొచ్చో ప్రాసెసర్ వెతుక్కోనక్కర్లేదు, కంపైలరే ముందుగా తేల్చి పెడుతుంది అన్నారు. అంటే బరువంతా కంపైలర్ రాసేవాళ్ళ మీదకీ, మళ్ళీ మళ్ళీ కంపైల్ చేసుకోవాల్సిన మనమీదకీ తోసేశారు. పాత ఎక్స్86 ప్రోగ్రాములు దానిమీద నడిచేవి కానీ నత్తనడక. 2003లో ఏఎండీ వాళ్ళు ఆప్టెరాన్ తెచ్చారు. పాత ఎక్స్86కే 64-బిట్ అతుకు వేశారు. అందం లేదు, చందం లేదు. కానీ పాత 32-బిట్ ప్రోగ్రాము పూర్తి వేగంతో నడిచేది, కొత్తది నీకు తీరికైనప్పుడు రాసుకో అన్నారు. 2004కల్లా ఇంటెల్ కూడా ఏఎండీ దారికే వచ్చింది. ఇటానియం ఆఖరి షిప్‌మెంట్లు 2021లో అయిపోయాయి. 2024 జనవరిలో వచ్చిన లినక్స్ 6.7లో దాని సపోర్టే పీకేశారు.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏం చెప్తారు? రిస్క్‌కీ సిస్క్‌కీ తేడాలు రాయుము, ఎనిమిది మార్కులు. రిస్క్ సింపుల్, వేగం. సిస్క్ కాంప్లెక్స్, నిదానం. రెండు కాలమ్స్ గీసి రాస్తే ఫుల్ మార్కులు. ఇదే సరుకుని ఇంటర్వ్యూల్లోనూ, తర్వాత మీటింగుల్లోనూ అప్పజెప్తాం. 1995లో వచ్చిన పెంటియం ప్రో నుంచే ఇంటెల్ తన సిస్క్ ఇన్‌స్ట్రక్షన్లని లోపల చిన్న చిన్న ముక్కలు చేసి నడుపుతోంది, అంటే లోపల జరిగేది రిస్క్ పద్ధతికి దగ్గరగా ఉండే పనే. పైన కనిపించే ఇన్‌స్ట్రక్షన్లు పాత ప్రోగ్రాములకి ఇచ్చిన మాట, అంతే. ఆ మాట నిలబెట్టుకోవడానికి కొంత సిలికాన్, కొంత కరెంటు ఖర్చవుతాయి. ఈ ఖర్చుని "లెగసీ చెత్త" అని వెక్కిరించేవాళ్ళు, ఆ చెత్త మీదే తమ కంపెనీ పదిహేనేళ్ళ నాటి బిల్లింగ్ ప్రోగ్రాము నడుస్తోందని మర్చిపోతారు. 16-బిట్ లాంటి పాత మోడ్‌లు కొన్ని తీసేసి ఎక్స్86ని శుభ్రం చేద్దామని 2023లో ఇంటెలే ఎక్స్86-ఎస్ అని ప్రతిపాదించింది. 2024 చివరికల్లా ఆ ఆలోచన మానుకుంది. పాత మాట తప్పడం అంత తేలిక కాదు మరి.

"మరి యాపిల్ మారలేదా? హాయిగా ఆర్మ్‌కి వెళ్ళిపోయిందిగా?" అని అడుగుతారు. అందరూ ఎత్తి చూపించే ఉదాహరణ ఇదే. నాకూ ఇదే కావాలి. 2020లో యాపిల్ ఎం1 తెచ్చినప్పుడు డెవలపర్లకి "రీకంపైల్ చేసుకోండి, చాలు" అని చెప్పి ఊరుకోలేదు. రొసెటా 2 అని ఒక అనువాదకుణ్ణి మాక్ వాడే ప్రతివాడికీ ఉచితంగా ఇచ్చింది. అంతకంటే ముఖ్యం, నేను పైన ఏడ్చిన మెమరీ వరస గొడవ ఉంది చూశారూ, దానికోసం ఎక్స్86 వరస పాటించే ప్రత్యేకమైన మోడ్‌ని చిప్పులోనే పెట్టింది. రొసెటా కింద నడిచే పాత ప్రోగ్రాము కోసం ఆ ఆర్మ్ చిప్పు ఎక్స్86 పద్ధతిలో రాతలు రాస్తుంది. అంత సిలికాన్ ఖర్చుపెట్టింది ఎందుకు? "చాలు" అన్నది చాలదని వాళ్ళకి తెలుసు కాబట్టి. 1994లో పవర్‌పీసీకీ, 2006లో ఇంటెల్‌కీ మారిన అనుభవం ఉంది కాబట్టి. ఆ బరువు ఎల్లకాలం మొయ్యరు కూడా. రొసెటా 2ని పూర్తిస్థాయిలో మాక్ ఓఎస్ 27 దాకానే ఉంచుతామని 2025లోనే చెప్పేశారు. కానీ మొయ్యాల్సిన ఏళ్ళు మోశారు, ఎప్పుడు దించుతారో ముందే చెప్పారు. క్లౌడ్ కంపెనీలు మనకి ఆర్మ్ సర్వర్ అద్దెకిచ్చేటప్పుడు ఈ మోతంతా ఎవరు మోస్తున్నారు? మీరూ, నేనూ.

"మాకేంటి, మేం జావా, పైథాన్ వాళ్ళం" అనేవాళ్ళకి కూడా ఒక మాట. జావాలో పూర్ణసంఖ్యని సున్నాతో భాగిస్తే ఏ ప్రాసెసర్ మీదైనా అదే ఎక్సెప్షన్ వస్తుంది. ఎందుకొస్తుంది? ఆర్మ్ హార్డ్‌వేర్ నోరెత్తదు కాబట్టి, జేవీఎం తనే సున్నా ఉందేమో చూసుకుని ఎక్సెప్షన్ విసురుతుంది. అంటే మీ బదులు జేవీఎం రాసినవాళ్ళు మోస్తున్నారు. వాళ్ళకి దణ్ణం పెట్టుకోండి. కానీ అన్నీ వాళ్ళు మొయ్యరు. 2004లో జావా 5తో వచ్చిన మెమరీ మోడల్ ప్రకారం, వోలటైల్ గానీ లాక్ గానీ లేకుండా రెండు థ్రెడ్ల మధ్య పంచుకున్న డేటాకి వరస హామీ జావాలోనూ లేదు (జావా వోలటైల్ వేరు, సి++ వోలటైల్ వేరు. జావాలోది నిజంగానే వరస కాపాడుతుంది). మీ జావా కోడ్‌లో అలాంటి కక్కుర్తి ఉంటే ఎక్స్86 మీద దాక్కుని, ఆర్మ్ మీద బయటపడొచ్చు. ఇక పైథాన్ అంటారా, నంపై లాంటివన్నీ లోపల సి కోడే. మీరు పైన కూర్చున్నంత మాత్రాన కింద గోడ లేకుండా పోదు.

ఆర్మ్ చెడ్డదని నేననడం లేదు. అదే డబ్బుకి ఎక్కువ పని చేసే ఆర్మ్ సర్వర్లు ఉన్నాయి. 2020 జూన్‌లో ప్రపంచంలోకెల్లా వేగమైన సూపర్ కంప్యూటర్‌గా నిలిచిన జపాన్ ఫుగాకు నడిచింది ఆర్మ్ ప్రాసెసర్ల మీదే. మా బిల్లు కూడా నిజంగానే తగ్గింది. కానీ తగ్గిన బిల్లు ఫైనాన్స్ వాళ్ళ స్లైడులో కనపడింది. మా టీము మూడు వారాల రాత్రులు, ఆగిపోయిన రెండు ఫీచర్లు, కస్టమర్ల దగ్గర పోయిన పరువు ఏ స్లైడులోనూ కనపడలేదు. లాభం ఒకరి ఖాతాలో, ఖర్చు ఇంకొకరి నిద్రలో వేస్తే ఏ ప్రాజెక్టయినా లాభసాటిగానే కనిపిస్తుంది.

ఇప్పుడు రిస్క్-ఫైవ్ రోజులొస్తున్నాయి. 2010లో బర్క్‌లీలో మొదలైన ఈ ఆర్కిటెక్చర్‌ని ఎవరైనా లైసెన్సు ఫీజు కట్టకుండా వాడుకోవచ్చు. మన ఐఐటీ మద్రాసు వాళ్ళ శక్తి, సీ-డాక్ వాళ్ళ వేగ ప్రాసెసర్లు దీనిమీదే కట్టారు. 2022లో కేంద్ర ప్రభుత్వం దీనికోసం డిర్-వి అనే కార్యక్రమం కూడా మొదలుపెట్టింది. నాకూ సంతోషమే, గర్వమే. కానీ గర్వంతో పాత ప్రోగ్రాములు నడవవు. రిస్క్-ఫైవ్‌లో ఇష్టమైతే పెట్టుకునే ఎక్స్‌టెన్షన్లు బోలెడు. రెండు రిస్క్-ఫైవ్ చిప్పులు తీసుకుంటే ఒకదాని బైనరీ రెండోదాని మీద నడవాలన్న రూలు లేదు. ఈ గందరగోళం తగ్గించడానికే 2024లో ఆర్‌వీఏ23 అని ఒక ప్రొఫైల్ ఖాయం చేశారు. దాని మెమరీ వరస కూడా ఆర్మ్‌లాగే బలహీనం, ఎక్స్86 తరహా వరస కావాలంటే దానికో ప్రత్యేక ఎక్స్‌టెన్షన్. స్వదేశీ చిప్పు తయారుచెయ్యడం ఎంత ముఖ్యమో, దానిమీదకి కంపైలర్లు, లైబ్రరీలు, డేటాబేసులు తెచ్చి, పరీక్షించి, ఏళ్ళ తరబడి కాపాడే మనుషులకి జీతాలివ్వడం అంతే ముఖ్యం. చిప్పుకి రిబ్బన్ కట్ చేసే ఫంక్షనుంటుంది. పోర్టింగుకి ఉండదు. అందుకే నా భయం.

సరే, ఏం చెయ్యాలి? రేపు మీ మీటింగులో ఎవరైనా "రీకంపైల్ చేస్తే చాలు" అంటే, "ఎవరికి చాలు?" అని అడగండి. మనం వాడే నేటివ్ లైబ్రరీల జాబితా ఎవరి దగ్గరుందో అడగండి. టెస్టులు ఎమ్యులేటర్ మీద కాకుండా అసలైన ఆర్మ్ మెషీన్ మీద, బోలెడు కోర్లున్నదాని మీద, పూర్తి లోడుతో తిప్పుతామని ఎస్టిమేట్‌లో రాయండి. సి++ కోడ్‌ని మారకముందే థ్రెడ్ శానిటైజర్ కింద నడపండి, డేటా రేసుల్ని అది ఎక్స్86 మీద కూడా చాలామటుకు పట్టేస్తుంది (ఇది మాకు ముందే ఎవరైనా చెప్పుంటే ఈ గోలంతా ఉండేది కాదు). వోలటైల్, 4096, చార్‌తో చేసే పోలికలు ఎక్కడెక్కడున్నాయో వెతికించండి. కొన్ని వారాలు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి జవాబులు పోల్చండి. వీటన్నిటికీ ఎన్ని రోజులు పడతాయో లెక్కేసి, ఆ ఖర్చు కూడా పోను బిల్లు ఇంకా తగ్గుతుందంటే నిక్షేపంగా మారండి. చాలాసార్లు తగ్గుతుంది కూడా. నాకు అభ్యంతరమే లేదు.

మా దగ్గర ఈ మధ్య ఇంకో సర్వీసు మారుద్దామని మళ్ళీ మీటింగు పెట్టారు. "ఈసారి ఎన్ని రోజులు?" అని అడిగారు. తొమ్మిది వారాలు అన్నాను. రూములో నిశ్శబ్దం. "అదేంటి, లాస్ట్ టైం రెండు వారాలేగా అన్నావ్?" అన్నారు మేనేజర్ గారు.

"లాస్ట్ టైం మనం ఇచ్చింది ఎస్టిమేట్ కాదండీ," అన్నాను, "సున్నాతో భాగిస్తే వచ్చిన జవాబు."

ఆయనకి అర్థమైందో లేదో తెలీదు గానీ, ఏడు వారాలకి బేరం కుదిరింది.